సెప్టెంబర్ వార్తాలేఖ: బ్లాక్‌బెర్రీలకు వెళ్లిన పిల్లలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వేసవి సెలవులు అయిపోయి మన శనివారం తెలుగు బడి మళ్లీ మొదలైంది. కొత్తగా చేరిన కుటుంబాలకు స్వాగతం. ఫీజులు, పుస్తకాల వివరాలు విడిగా పంపాం కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోను. పెద్ద తరగతి పిల్లలతో ఈ నెల ఏం మాట్లాడుకుంటున్నామో చెబుతాను. అందులో మీకూ కొంచెం పని ఉంది.

మనం ఉంటున్న ఈ ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఏ కాలిబాట పక్కన చూసినా ముళ్లపొదలకు కాసే నల్లటి చిన్న పళ్లు, బ్లాక్‌బెర్రీలు పండి ఉన్నాయి. మన పిల్లలు సరదాగా కోసుకు తింటారు, డబ్బాల్లో నింపి ఇంటికి తెస్తారు. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 వరకు, ఇలాంటి కాలిబాటల పక్క కంచెల దగ్గరే ఇదే వయసు పిల్లలు ఇవే పళ్లు ఇంటి ఖర్చుల కోసం కోశారు.

ఆ ఇళ్ల పరిస్థితి ముందు తెలియాలి. 1850 ప్రాంతంలో దక్షిణ ఇంగ్లండ్‌లో పొలం కూలీకి వారానికి సగటున 8 షిల్లింగుల 5 పెన్స్ వచ్చేవి (అప్పట్లో 12 పెన్స్ ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు). అందులో ఎక్కువ భాగం రొట్టెకే పోయేది. ఒకప్పుడు ఊరుమ్మడి బీళ్లలో పేదవాళ్లు ఆవును మేపుకునేవాళ్లు, కట్టెలు ఏరుకునేవాళ్లు. చట్టాలు చేసి ఆ నేలను సొంతదారుల పరం చేసి, చుట్టూ ముళ్లకంచెలు నాటాక ఆ ఆసరా పోయింది. ఆ కంచెల్లోనే బ్లాక్‌బెర్రీ అల్లుకుంది. కంచె ఎవరిదైనా, దాని మీద దానంతటది కాసే పండును కోసుకోవడం చాలా పల్లెల్లో అలవాటుగా సాగింది. కోతలయ్యాక పొలంలో పరిగె ఏరుకోవడం, ఆ తర్వాత బ్లాక్‌బెర్రీలు, ఆ తర్వాత పందుల మేతకు ఓక్ చెట్ల కాయలు. ఆగస్టు మొదలుకొని చలి ముదిరేదాకా తల్లీపిల్లలకు చేతినిండా పనే.

కోసినవాటిలో కొన్ని ఇంట్లో వాడుకునేవాళ్లు, కొన్ని అమ్ముకునేవాళ్లు. 1874లో చక్కెర మీద సుంకం ఎత్తేశాక జామ్ పేద ఇళ్లలోకి కూడా బాగా వచ్చింది. యాపిల్ ముక్కలు కలిపి ఉడికిస్తే జామ్ త్వరగా గడ్డకడుతుంది, పైగా ఎక్కువ వస్తుంది. రొట్టె మీద రాసుకోవడానికి వెన్న దొరకని ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఒక బడి బాధ్యత చూసేదాన్ని కాబట్టి, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆనాటి బడుల సంగతి. 1862లో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ప్రతి బడిలో ప్రధానోపాధ్యాయుడు బడి సంగతులు నమోదు చేసే ఒక లాగ్‌బుక్ రాయాలి. గ్రాంటేమో పిల్లల హాజరు మీద, పరీక్ష మీద ఆధారపడేది. సగటు హాజరును బట్టి పిల్లవాడికి 4 షిల్లింగులు. ఇన్‌స్పెక్టర్ ముందు చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానిలో పాసైతే మరో 2 షిల్లింగుల 8 పెన్స్. సెప్టెంబర్ వచ్చేసరికి బెంచీలు ఖాళీ అయ్యేవి. హాజరు తగ్గింది, పిల్లలు బ్లాక్‌బెర్రీలకు వెళ్లారు అనే మాట ఎన్నో పల్లె బడుల లాగ్‌బుక్కుల్లో ఏటా కనిపిస్తుంది. 1880లో 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు చదువు తప్పనిసరి చేశాక కూడా ఆ రాతలు ఆగలేదు. కొన్ని చోట్ల కోత సెలవులనే పొడిగించి సర్దుకున్నారు.

ఆ ప్రధానోపాధ్యాయుల టెన్షన్ నాకు అర్థమవుతుంది. జీతం, గ్రాంటు, ఇన్‌స్పెక్టర్ రాసే రిపోర్టు, అన్నీ ఆ ఖాళీ బెంచీల మీదే ఆధారపడ్డాయి. అయినా నా మనసు పిల్లల వైపే ఉంటుంది. వాళ్లు బడి ఎగ్గొట్టారని రాయడం తేలిక. చలికాలానికి బూట్లు కావాలంటే పళ్లు కోయక తప్పని ఇంటి పిల్లలు తమ వైపు కథ రాసుకునే పుస్తకం ఏదీ లేదు. మన పెద్ద తరగతి వాళ్లను ఆ పని చేయమన్నాను: పదేళ్ల పిల్ల తన మాటల్లో ఆ రోజు ఎందుకు బడికి రాలేదో తెలుగులో చెప్పాలి. వచ్చిన రాతలు చాలా బాగున్నాయి.

చిన్నపిల్లలకు మాత్రం సైతాను కథే నచ్చింది. సెప్టెంబర్ 29 మైకేల్మస్, అంటే దేవదూత మైకేల్ పండుగ. మైకేల్ సైతాన్ని స్వర్గం నుంచి కిందికి తోసేస్తే, వాడు నేరుగా వచ్చి బ్లాక్‌బెర్రీ ముళ్లపొద మీద పడ్డాడట. ఆ కోపంతో ఏటా అదే రోజున వచ్చి పళ్ల మీద ఉమ్మేస్తాడని కొన్ని ఊళ్లలో, తొక్కేస్తాడని కొన్ని ఊళ్లలో చెప్పేవాళ్లు. ఆ రోజు దాటాక పండు ముట్టకూడదు. 1752లో ఇంగ్లండ్ క్యాలెండర్ మార్చినప్పుడు 11 రోజులు తీసేశారు కాబట్టి, పాత లెక్క పట్టుకున్నవాళ్లకు ఆ గడువు అక్టోబర్ 10. ఈ నమ్మకాన్ని కొట్టిపారేయకండి. అక్టోబర్ వచ్చేసరికి రాత్రుళ్లు చల్లబడి, తేమ పెరిగి, పండు నీరుకారి చప్పబడుతుంది, బూజు పడుతుంది, ఈగలు వాలతాయి. ఏ అవ్వయినా పిల్లల్ని చెడిన పళ్ల నుంచి కాపాడటానికి ఇంతకంటే గట్టి మాట చెప్పగలిగేది కాదని నాకనిపిస్తుంది. మైకేల్మస్ దాటాక పుట్టిన పిల్లిపిల్లలు మహా అల్లరివని, వాటిని బ్లాక్‌బెర్రీ పిల్లులని పిలిచేవాళ్లని చెప్పినప్పుడైతే క్లాసంతా నవ్వులే.

వైద్యం కోసం కూడా ఈ పొద దగ్గరికే వెళ్లేవాళ్లు. మీరు దగ్గరగా చూస్తే, పొడవాటి కొమ్మ విల్లులా వంగి, కొస నేలకు తగిలిన చోట మళ్లీ వేళ్లు దిగుతుంది. రెండు వైపులా నేలలో నాటుకున్న అలాంటి కమాను కింద నుంచి కోరింత దగ్గు వచ్చిన బిడ్డను దాటించేవాళ్లు. ఎన్నిసార్లన్నది ఊరికో లెక్క. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో కాలిన గాయానికి తొమ్మిది ఆకులు ఊటనీటిలో ముంచి, మంత్రం చదువుతూ పెట్టేవాళ్లు. కోరింత దగ్గుకు టీకా లేని కాలం అది, ఎంతోమంది పసివాళ్లు దానితోనే పోయారు. మనింట్లో బిడ్డకు జ్వరమొస్తే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసే చేతుల్లో ఉండే బెంగే ఆ తల్లుల చేతుల్లోనూ ఉండి ఉంటుంది.

ఇక మీ పని. ఈ నెలలో ఒక మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని పళ్లకు వెళ్లండి. ప్రతి గుత్తిలో కొసన ఉన్న పండు ముందు పండుతుంది, అదే తియ్యగా ఉంటుంది. పిల్లల్ని తామే కనిపెట్టనివ్వండి. అమ్మకానికి కానంతవరకు దానంతటదే కాసిన పళ్లు కోసుకోవడం దొంగతనం కాదని 1968 నాటి చట్టంలోనే ఉంది, కానీ ఇతరుల స్థలంలోకి వెళ్లకుండా కాలిబాట మీద నుంచే కోయండి. పెద్ద రోడ్ల పక్కన, మందు కొట్టిన చోట వద్దు. కుక్కలు తిరిగే దారిలో మోకాలి ఎత్తు కంటే పైవే కోయండి. పక్షులకు కొన్ని వదిలేయండి.

ఇంటికొచ్చాక అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేయించి, వాళ్లు చిన్నప్పుడు చేల గట్ల మీద, గుట్టల మీద ఏం కోసుకు తిన్నారో అడిగించండి. రేగుపళ్లో, ఈతపళ్లో, వాక్కాయలో, ఏదైనా సరే. పిల్లలు విన్నది విన్నట్టు పది వాక్యాల్లో రాసుకుని సెప్టెంబర్ చివరి శనివారం తేవాలి. రాయడం ఇంకా రాని పిల్లలు బొమ్మ వేసి నోటితో చెబితే చాలు.

ఆ రోజు యాపిల్ కలిపి జామ్ వండుతాం. పళ్లు పంపేవాళ్లు మూత గట్టిగా పట్టే డబ్బాలో, పిల్లల పేరు రాసి పంపండి. మరక బట్టల నుంచి అంత తేలిగ్గా పోదు, ఆ శనివారానికి పాత చొక్కాలే వేయండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు