సోనార్ లెన్సును అమ్మేసే ముందు

సంపాదకులకు,

ఫ్లాష్ లేకుండా దీపాల వెలుగులో ఫొటోలు తీయాలన్న ముచ్చటతో రేంజ్‌ఫైండర్ కెమెరాకు (వ్యూఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసే కెమెరా) జైస్ సి-సోనార్ 50 మి.మీ. ఎఫ్ 1.5 లెన్సు కొన్నవాళ్లలో కొందరు, ‘కంటికి ఫోకస్ పెడితే ముక్కు షార్ప్‌గా వస్తోంది’ అంటూ దాన్ని అమ్మకానికి పెట్టేస్తున్నారు. చాలాసార్లు అది లోపం కాదు, ఆ లెన్సు స్వభావం. ఇంత మంచి లెన్సు ఆ ఒక్క కారణంతో చేతులు మారడం బాధగా ఉంది.

ఈ డిజైన్‌కు మూలం 1930లలో లెన్సు డిజైనర్ లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్. ఇందులో గోళీయ విపథనం (లెన్సు అంచుల గుండా, మధ్య గుండా వచ్చే కిరణాలు ఒకే చోట కలవకపోవడం) కొంత మిగిలే ఉంటుంది. అపర్చర్‌ను, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచినప్పుడు ముఖాలకు వచ్చే ఆ మెత్తదనం దాని చలవే. చిక్కూ దానితోనే. అపర్చర్ మూసేకొద్దీ లెన్సు అంచుల గుండా వచ్చే కిరణాలు ఆగిపోయి, ఫోకస్ వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్ లెన్సులోంచి చూడదు కాబట్టి ఆ జరుగుడు మన కంటికి కనబడదు. ఎఫ్ 2.8 అపర్చర్‌కు సరిచేసిన లెన్సు ఫోకస్ 1.5 దగ్గర (అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ముందుకు పడుతుంది; 1.5కి సరిచేసినది 2.8 దగ్గర వెనక్కి పడుతుంది. 5.6 దాటాక స్పష్టత లోతు (ముందూ వెనకా షార్ప్‌గా కనిపించే మేర) పెరిగి తేడా కలిసిపోతుంది.

మీ లెన్సు ఏ రకమో తేల్చుకోవడం సులువే. కెమెరాను స్టాండు మీద బిగించి, మీటరు దూరంలో ఒక స్కేలును ఏటవాలుగా ఆనించండి. మధ్య గీతకు ఫోకస్ చేసి, రింగు కదపకుండా 1.5, 2, 2.8, 4, 5.6 దగ్గర ఒక్కో ఫొటో తీయండి. అపర్చర్‌ను బట్టి స్పష్టమైన గీత మారుతుంటే అది లెన్సు తీరు. అన్నిటా ఒకే వైపు తప్పుతూ, దూరపు టవరు మీద కూడా వ్యూఫైండర్‌లోని రెండు బొమ్మలు కలవకపోతే ముందు అనుమానించాల్సింది కెమెరానే. మరో లెన్సు పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇంకో పొరపాటు మన చేతిలోనే ఉంది. మీటరు దూరంలో 1.5 దగ్గర స్పష్టత లోతు ముందూ వెనకా కలిపి మూడు, మూడున్నర సెంటీమీటర్లే. కంటికి ఫోకస్ చేసి, ఫ్రేము కోసం కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం 3.4 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. అంతటితో కన్ను మసకే! కెమెరాను తిప్పకుండా పక్కకు జరపాలి.

పాత సోవియట్ లెన్సు జూపిటర్-3ది వేరే కథ. అది కాంటాక్స్ కెమెరాల ఫోకల్ లెంగ్త్ కొలత 52.4 మి.మీ.కి చేసిన లెన్సు, లైకా కెమెరాల కొలత 51.6. అందుకే లైకా మీద అనంతం (చాలా దూరపు వస్తువుల ఫోకస్) సరిగ్గా ఉన్నా దగ్గరలో ఫోకస్ వెనక్కి పడుతుంది. లోపలి షిమ్ (పలుచని రింగు) మందం పెంచితే దగ్గర దూరాలు సరిపడతాయి, కానీ పూర్తిగా తెరిచినప్పుడు అనంతం దగ్గర స్పష్టత కాస్త తగ్గుతుంది.

మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు కెమెరా, లెన్సు రెండూ కలిపే ఇవ్వండి. ఏ అపర్చర్‌కు, ఎంత దూరానికి సరిచేయాలో కాగితం మీద రాసివ్వండి. ‘ఫోకస్ బాగుచేయండి’ అని మాత్రమే చెబితే ఆయన దేనికి సరిచేస్తారో మీకు తెలియదు.

— ఒక పాఠకుడు, విజయవాడ