మైక్రోస్కోపు వచ్చింది సరే, చేతి పని ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పశువుల ల్యాబ్ ప్రారంభోత్సవం ఫోటో వేశారు. రిబ్బను చుట్టూ పదిహేను మంది, వెనక బల్ల మీద కొత్త మైక్రోస్కోపు. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. రాయాలా వద్దా అని ఇన్నాళ్లూ ఆగాను, ఇక మనసు ఊరుకోలేదు. దాని కింద పెట్టే స్లైడు ఎవరు చేస్తారు, వాళ్లకు ఆ పని ఎవరు నేర్పారు అన్న మాట ఆ వార్తలో ఒక్క ముక్క లేదు.

పశువుల ల్యాబుల్లో ముప్పై ఒక్క ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ని. పోయిన నెల మా తమ్ముడి జెర్సీ ఆవుకు 106 డిగ్రీల జ్వరం వచ్చింది. ఒంటి నిండా గోమార్లు, భుజం ముందు బిళ్ల (లింఫు గ్రంథి) కోడిగుడ్డంత వాచింది. నేను ఊళ్లో లేను. పరీక్షకు వచ్చిన అబ్బాయి మంచివాడే, ఫోన్ చేసిన గంటలో వచ్చాడు. కానీ గాజు స్లైడు మీద రక్తం పెద్ద బొట్టు వేసి, రెండో స్లైడుతో రెండు మూడుసార్లు అటూ ఇటూ రుద్ది, తడి ఆరకముందే కాగితంలో చుట్టేశాడట. ల్యాబుకు చేరేసరికి అది కాగితానికి అంటుకుపోయింది. పనికిరాదు, మళ్లీ పంపమన్నారు. రెండో నమూనా వెళ్లి థైలేరియా అని తేలేసరికి నాలుగు రోజులు. ఐదో రోజు ఆవు పోయింది. పూటకు ఏడు లీటర్లిచ్చే ఆవు అది.

థైలేరియా, బెబీసియా, అనాప్లాస్మా మూడూ గోమార్ల ద్వారా సోకే రక్తపు జబ్బులు, మూడూ జ్వరంతోనే మొదలవుతాయి. మందులు మాత్రం వేరు. థైలేరియాకు బుపార్వాక్వోన్ కావాలి, అది ఖరీదైన ఇంజెక్షన్. బెబీసియాకు వేరే మందు, అనాప్లాస్మాకు టెట్రాసైక్లిన్. ఏ జబ్బో తెలియకుండా పొడిస్తే డబ్బూ పోతుంది, పశువూ పోతుంది. తేల్చాల్సింది ఆ గాజు పలకే.

మంచి స్మియర్, అంటే స్లైడు మీద పలచటి రక్తపు పూత, చేయడం పెద్ద విద్యేం కాదు, కానీ చెయ్యి తిరగాలి. చెవి కొసన గుచ్చి చిన్న బొట్టు తీసుకోవాలి. రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలుగా ఆనించి, బొట్టు అంచు పొడవునా పాకనిచ్చి, ఆపకుండా ఒక్క తోపు తోయాలి. పూత నాలుక ఆకారంలో వచ్చి, చివర ఈకలా పలచబడాలి. గాలికి ఆరనివ్వాలి. ఆరేదాకా ఈగలు వాలకుండా చూసుకోవాలి, అవి పూతను నాకేస్తాయి. ఆ తర్వాత మిథనాల్, ఆ తర్వాత జీమ్సా రంగు. ఇది వంద స్లైడ్లు పాడుచేస్తే గానీ రాదు. నాకూ అలాగే వచ్చింది. మా సీనియర్ ఒకాయన నేను చేసిన ప్రతి స్లైడూ వెలుతురుకెత్తి చూసి, బాగా లేకపోతే మాట్లాడకుండా కడిగి నా చేతికిచ్చేవారు.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. పిలిచి అడిగితే నిజం చెప్పాడు. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమాలో తన చేత్తో స్మియర్ చేసింది మూడుసార్లేనట. మిగతాదంతా సార్ చేస్తుంటే చుట్టూ నిలబడి చూడటమే. రికార్డు పుస్తకంలో బొమ్మలు మాత్రం చక్కగా వేశాడు, మార్కులూ వచ్చాయి. పేడ నమూనా గురించి అడిగాను. నేల మీద పడింది కాకుండా నేరుగా లోపలి నుంచి తీయాలని తెలుసు. కానీ కాలేయంలో చేరే జలగ (లివర్ ఫ్లూక్) గుడ్లు బరువైనవి, గుడ్లను పైకి తేల్చే ఉప్పునీటి పద్ధతిలో చూస్తే దొరకవు, అడుక్కి దిగనిచ్చి చూడాలి అన్నది తెలియదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. అలాంటి చోట పేడ పరీక్ష సరిగా రాకపోతే ఎలా?

ఇంకా భయపెట్టే సంగతి దొమ్మ రోగం (ఆంత్రాక్స్). ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును కోయకూడదు. గ్లౌజులు వేసుకుని చెవి నరం నుంచి ఒక్క స్మియర్ తీస్తే చాలు. కోస్తే గాలి తగిలి ఆ క్రిములు స్పోర్లుగా మారి, మట్టిలో దశాబ్దాలు బతికి ఉంటాయి. ఈసుడు రోగమూ (బ్రూసెల్లోసిస్) అంతే, నెలలు నిండకుండా ఈసుకుపోయిన దూడనూ మాయనూ ఒట్టి చేతులతో ముట్టుకుంటే మనిషికి అంటుతుంది. వీటిని క్లాసులో ఒక పేజీ చెప్పి వదిలేస్తే, రేపు ప్రాణం మీదికొచ్చేది ఆ పిల్లలకే.

పై అధికారులు మీటింగుల్లో అడిగేది నెలకు ఎన్ని నమూనాలు పంపారని. వాటిలో ఎన్ని చదవడానికి పనికొచ్చాయని అడిగినవాళ్లు నా సర్వీసు మొత్తంలో ఇద్దరే. లెక్క కోసం పంపే నమూనాలు, వాట్సాప్ గ్రూపులో ఫోటోలు! పరీక్ష మీద నమ్మకం లేక ఊళ్లలో జ్వరం వస్తే చాలు యాంటీబయాటిక్ వేసేస్తున్నారు. ఆ పాలే మనం పిల్లలకు పోస్తున్నాం.

నేను కోరేది ఎక్కువేం కాదు. డిప్లొమా ఇచ్చేముందు ప్రతి విద్యార్థినీ రెండు నెలలు జిల్లా రోగ నిర్ధారణ ల్యాబులో కూర్చోబెట్టండి. పరీక్షలో బొమ్మ వేయమనకండి, స్మియర్ చేయించి, రంగు వేయించి, అందులో ఏముందో చెప్పమనండి. ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఏడాదికోసారి వారం రోజులు శిక్షణ ఇవ్వండి.

థైలేరియా, బెబీసియా, సర్రా (ఇదీ రక్తంలో కనిపించే పరాన్నజీవి జబ్బే) స్లైడ్లు ఇప్పటికీ నా దగ్గర ఒక పెట్టె నిండా ఉన్నాయి. రంగు చెడలేదు. అధికారులు ఒప్పుకుంటే వారానికి ఒక రోజు ఆ కొత్త ల్యాబుకు వచ్చి నేర్పిస్తాను. జీతం వద్దు, బస్సు ఛార్జీ కూడా నేనే పెట్టుకుంటాను.

— విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు జిల్లా