ఫ్లూ టీకా ఏటా ఎందుకంటే

ఎడిటర్ గారికి నమస్కారం. మా నాన్నకి 68 ఏళ్లు, షుగర్ ఉంది, పోయినేడు వానాకాలంలో మామూలు జలుబే కదా అనుకుంటే అది ఛాతీలోకి దిగి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సొచ్చింది. అప్పుడే డాక్టర్ గారు ఏటా ఫ్లూ టీకా వేయించమన్నారు. నాన్నేమో ఒకసారి వేస్తే చాలదా, కరోనాకే మూడు సార్లు పొడిపించుకున్నా ఇంకా ఎన్నిసార్లు అని ఒకటే గొడవ. నాకూ అదే డౌటు ఉండేది, అడిగి తెలుసుకున్నా. ఫ్లూ వైరస్ ఎప్పటికప్పుడు మారిపోతుంటుందంట, అందుకే డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో సెప్టెంబర్‌లో, టీకాలో ఏ రకాలు పెట్టాలో చెప్తారు, పైగా నెలలు గడిచేకొద్దీ టీకా బలం కూడా తగ్గిపోద్ది. వేసుకున్నా ఫ్లూ రావచ్చు, కానీ ఆస్పత్రి దాకా వెళ్లే ముప్పు తగ్గుతుంది, మాకు అది చాలు. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఈసారి వానలకి ముందే వేయించాం.

బాధేంటంటే ఇది సర్కారు ఉచిత టీకాల లిస్టులో లేదు, మాకు బయట వెయ్యి పైనే అయింది, కూలికెళ్లే ఇంట్లో ఇద్దరు పెద్దోళ్లుంటే ఏటా అంత ఎక్కణ్ణుంచి తెస్తారండీ? కనీసం షుగర్, ఆస్తమా ఉన్న పెద్దోళ్లకైనా పీహెచ్‌సీల్లో ఫ్రీగా వేయాలని మీ పేపర్లో గట్టిగా రాయండి.