పాత రేకు, కొత్త రేకు

సికింద్రాబాద్,
ఆదివారం

చిన్నీ,

నువ్వు కారు కొంటానన్నప్పటి నుంచి మీ మామయ్యకీ బాబాయికీ పడటం లేదు. జెన్ కారు ఆగిపోయిన రోజే మారుతి పనైపోయిందని మామయ్య. మొదటి స్విఫ్ట్ దాకా పర్లేదు, ఆ తర్వాతవన్నీ అప్పడాలని బాబాయి. ఇద్దరి మాటా విని "ఇంతకీ ఆ కంపెనీ మంచి బండ్లు చేసిందెప్పుడు నాన్నా?" అని నువ్వు అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నా.

ఒక్క సంవత్సరం చెప్పి చేతులు దులుపుకోలేను. ఇంజనుకి మంచి కాలం ఒకటి, రేకుకి మంచి కాలం ఇంకొకటి, గుద్దుకున్నప్పుడు లోపలున్న మనిషి మిగలడానికి మంచి కాలం వేరే. వాళ్ళిద్దరూ ఈ మూడింటినీ ఒకే గిన్నెలో వేసి కలుపుతున్నారు. నీకు కావలసింది మూడోది. అయినా ముందు ఇంజన్ సంగతి చెప్తా, ఎందుకంటే మామయ్య మాటలో నిజమున్నది అక్కడే.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. 1993 జెన్‌ది 993 సీసీ, సిలిండర్లుండే బ్లాకు కూడా అల్యూమినియమే. 1994 ఎస్టీమ్‌ది 1.3 లీటర్లు. తేలికైన ఇంజన్లు, ఎంత తిప్పినా హుషారుగా తిరిగేవి, వీధి చివర మెకానిక్ కూడా విప్పి బిగించగలిగేవి. ఇందులో అబద్ధం లేదు. కానీ వాటి జబ్బులు మామయ్య చెప్పడు. ఇంజన్ వాల్వుల్ని వేళకి తెరిపించే టైమింగ్ బెల్టు రబ్బరుది. 80 వేల కిలోమీటర్లు దాటినా, ఐదారేళ్ళు నిండినా మార్చాల్సిందే. తెగితే బండి ఎక్కడుందో అక్కడే ఆగుతుంది. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గి ఒక్కసారి వేడెక్కిందా, సిలిండర్ల పైకప్పులాంటి అల్యూమినియం హెడ్ వంగి, దాని కింద అతుకు కారకుండా ఉంచే గాస్కెట్ పోతుంది. ఆ తర్వాత హెడ్‌ని చదును (ఫేసింగ్) చేయించినా పాత పనితనం రాదు. కార్బ్యురేటర్ బండ్లకి ఇప్పుడు ఇంకో తలనొప్పి: బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికోసం చేసినవి కావు, గట్టిపడి పగులుతాయి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు కూడా పడుతుంది. ఆదివారం బయటికి తీసి తుడుచుకునే సరదా ఉన్నవాళ్ళకి జెన్ బాగుంటుంది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి పోయేదానికి కాదు.

2008 చివర్లో ఏ-స్టార్ కారుతో మారుతి కే-సిరీస్ ఇంజన్ మొదలైంది, 2010లో స్విఫ్ట్‌కీ వచ్చింది. బెల్టు పోయి చెయిన్ వచ్చింది. నన్నడిగితే ఆ కంపెనీ చేసిన ఇంజన్లలో రోజూ వాడకానికి ఇదే మేలు. జెన్‌కున్న ఆ కులుకు దీనికి లేదు, నిజమే, కానీ రోజూ ఆఫీసుకి వెళ్ళే మనిషికి కులుకుతో పనేముంది? దీన్ని చంపేది ఒక్కటే: ఆయిల్ మార్చకపోవడం. ఇంజన్లో పట్టేదే ఫిల్టర్‌తో కలిపి సుమారు మూడు లీటర్లు. అందులోంచి ఒక లీటరు తగ్గితే మిగిలిన రెండిటి మీదే భారమంతా. ఆయిల్ నల్లబడి చిక్కబడితే చెయిన్‌ని బిగించే టెన్షనర్‌కి ఒత్తిడి అందదు, చెయిన్ సాగుతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. ఆ చప్పుడు గుర్తుపెట్టుకో, కింద మళ్ళీ పని ఉంది.

డీజిల్ కొనమని బాబాయి అంటే వినకు. మారుతి బండ్లలో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ సుజుకీది కాదు, ఫియట్ వాళ్ళ మల్టీజెట్. గట్టిదే, లక్షల కిలోమీటర్లు నడిచినవి ఉన్నాయి. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధన రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఇప్పుడు దొరికే ప్రతి మారుతి డీజిలూ ఐదేళ్ళు దాటిందే. ఢిల్లీలో పాత డీజిల్ బండ్లకి ఇబ్బంది కాబట్టి అవి చౌకగా ఇటు దిగుతుంటాయి. ధర చూసి మురిసిపోకు. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చౌకగా కొన్నదంతా అక్కడే కరిగిపోతుంది. పైగా నువ్వు రోజుకి పాతిక కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో. డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది, పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి మూసుకుపోతుంది.

ఇక రేకు. "పాత మారుతి రేకు ఇనుములా ఉండేది" అనే మాటని కాటా మీద పెట్టి చూద్దాం. 800 బరువు సుమారు 650 కిలోలు. జెన్ సుమారు 750. బాబాయి అప్పడం అంటున్న 2018 స్విఫ్ట్ 850 దాటుతుంది. ఎయిర్ బ్యాగులు, ఏసీ, పెద్ద టైర్లు అన్నీ కలిపిన లెక్కే అనుకో, అయినా జెన్‌లో దాచిపెట్టిన ఇనుమేం లేదు. నిజంగా బరువు తగ్గింది ఎక్కడంటే, 2011లో వచ్చిన రెండో స్విఫ్ట్‌కీ (950 పైనే) 2018లో హార్టెక్ట్ అనే తేలికైన చట్రం మీద వచ్చిన మూడోదానికీ మధ్య. బాబాయి కడుపుమంటకి అసలు కారణం అదే, ఆయనకి ఆ లెక్క తెలియదంతే.

పైరేకు పలచబడిన మాట నిజమే. బానెట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి టప్పుమని పైకొస్తుంది. గుడి దగ్గర ఎవరో స్కూటర్ ఆనించినా సొట్ట పడుతుంది. డెంటింగ్ ఖర్చు పెరుగుతుంది, అంతవరకే. గుద్దుకున్నప్పుడు నిన్ను కాపాడేది పైరేకు కాదు. లోపలి చట్రం, అద్దం పక్కన నిలువుగా ఉండే ఏ-పిల్లర్, నీ కాళ్ళ కింది ఫ్లోరు. డోరు వేసినప్పుడు వచ్చే బరువైన చప్పుడు కూడా బలం కాదు. రబ్బరు బీడింగూ లోపల అతికించిన, మోత తగ్గించే డ్యాంపింగ్ షీటూ చేసే మాయ అది. షోరూమ్‌లో డోరు కొట్టి చూసేవాళ్ళంతా బీడింగుని మెచ్చుకుంటున్నారన్నమాట.

కాబట్టి మూడోదానికొద్దాం. గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి ఐదుకి ఎన్ని నక్షత్రాలో చెప్పే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2014లో ఎయిర్ బ్యాగుల్లేని స్విఫ్ట్‌కి వచ్చినవి సున్నా నక్షత్రాలు. ఆల్టో 800 కీ అంతే. 2018 స్విఫ్ట్‌కి రెండు ఎయిర్ బ్యాగులు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అన్ని వేరియంట్లలోనూ ఇచ్చారు. నక్షత్రాలు రెండొచ్చాయి, కానీ చట్రం నిలవదనే రాశారు. అదే ఏడాది విటారా బ్రెజాకి నాలుగొచ్చాయి, చట్రం నిలిచింది. 2024 చివర్లో కొత్త డిజైర్‌కి ఐదు. అంటే మనిషి ప్రాణం లెక్కలో ఆ కంపెనీ మంచి కాలం వెనక లేదు, ఇప్పుడిప్పుడే వస్తోంది. ఇది మామయ్యకి చెప్పకు, భోజనం మానేస్తాడు.

నీ పని ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా ఉంటుంది. అక్కడ 2023 నుంచి 120 దాకా అనుమతి. అందుకని నా మాట: 2020 ఫిబ్రవరి తర్వాత వచ్చిన పెట్రోల్ విటారా బ్రెజా చూడు, 1.5 లీటర్ల కే-సిరీస్ ఇంజన్‌ది. ఎన్‌క్యాప్ గుద్దించింది డీజిల్ బండినే, కానీ కట్టు అదే. డబ్బు సరిపోతే ఏడాది వాడిన కొత్త డిజైర్, ఆరు ఎయిర్ బ్యాగులున్నది. ఏది చూసినా 2019 జులైకి ముందు తయారైన చవక వేరియంట్ల జోలికి పోకు. డ్రైవర్ ఎయిర్ బ్యాగు తప్పనిసరి చేసింది అప్పుడే. ముందు సీట్లు రెండింటికీ అన్ని మోడళ్ళలో తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళు. వెళ్ళగానే తాళం అడగకు, బానెట్ తీయించి ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారు, ఏదో దాస్తున్నారు. చల్లగా ఉంటే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు. నల్లగా ఉంటే ఫర్వాలేదు, తారులా సాగితే వద్దు. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి నురగ ఉంటే నీళ్ళు కలుస్తున్నట్టు. ఇప్పుడు స్టార్ట్ చేయించు, నువ్వు బానెట్ దగ్గరే నిలబడు. పైన చెప్పిన గలగల రెండు సెకన్లు మించితే చెయిన్ పని ఉంది. అది చిన్న ఖర్చు కాదు. వెనక్కి వెళ్ళి సైలెన్సర్ చూడు. మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి సహజం, నీలిపొగ వస్తే రింగులో, వాల్వు సీళ్ళో పోయినట్టు.

బానెట్ ఎత్తి ఉండగానే ఇంజన్‌కి రెండు పక్కలా ఉండే లోపలి రేకులూ (ఏప్రన్లు), ముందు అడ్డంగా ఉండే పట్టీ (క్రాస్ మెంబరు) చూడు. కంపెనీ స్పాట్ వెల్డింగ్ వేలిముద్రల్లా ఒకే దూరంలో గుండ్రంగా ఉంటుంది. బయట చేసినది వంకరటింకరగా, పైన సీలెంట్ పూసి ఉంటుంది. ముందు చక్రాల మీది రేకు (ఫెండర్) బోల్టుల మీద రంగు చెదిరితే రెంచి పడినట్టే. అద్దాలన్నిటి మీదా తయారీ సంవత్సరం ఉంటుంది. బండి 2021 ది అయి ఒక్క అద్దం 2023 ది అయితే ఎందుకు మార్చారో అడుగు.

మన ఊళ్ళో ఇంకోటి తప్పక చూడాలి. 2020 అక్టోబరు వానకి ఎన్ని కార్లు మునిగాయో నీకు గుర్తుండే ఉంటుంది, ఆ తర్వాతా కాలనీల్లో నీళ్ళు నిలిచిన వానలున్నాయి. మునిగిన బండిని కడిగి, సీట్లకి కొత్త కవర్లు తొడిగి అమ్ముతారు. సీటు బెల్టుని మాత్రం ఎవరూ చివరిదాకా లాగి కడగరు. నువ్వు పూర్తిగా లాగు. లోపలి కొసన మట్టిరంగు గీత కనిపిస్తే ఆ బండి నీళ్ళలో ఉన్నది. స్పేర్ వీల్ గుంట, డ్రైవర్ కాళ్ళ దగ్గర కార్పెట్ కింద, ఫ్యూజ్ బాక్సు పిన్నుల మీద పచ్చ చిలుము కూడా చూడు. వాసన నమ్మకు, అగరబత్తి పెడతారు.

నడిపేటప్పుడు బంజారాహిల్స్‌లో ఏదైనా ఎత్తు ఎక్కించు. మూడో గేరులో 30 మీద ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. అప్పుడు ప్లేటొక్కటే కాదు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి సెట్టు మార్చాలి. గేర్‌బాక్స్ దించే కూలీ ఎలాగూ ఒకటే కదా. గతుకుల గల్లీలో నిదానంగా పోనిస్తే టక్ టక్ అంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు కావచ్చు. స్టీరింగ్ చేతికి తగిలేలా కొడితే రాక్, అంటే స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే భాగం. బుష్‌లకి బేరమాడి తీసుకో, రాక్‌కి ఆలోచించు. చిన్న బుష్‌కి బండి వదిలేసేవాళ్ళూ ఉంటారు.

మీటరు వెనక్కి తిప్పారేమోనని భయముంటే సర్వీస్ రికార్డు తెప్పించు. అది ఇవ్వలేమంటే బ్రేక్ పెడల్ రబ్బరూ స్టీరింగ్ తోలూ డ్రైవర్ సీటు అంచూ చూడు. ముప్ఫై వేలు తిరిగిన బండికి పెడల్ మీద గీతలు అరిగిపోవు. టైర్ పక్కన నాలుగంకెలుంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం. ముప్ఫై వేలకే నాలుగు టైర్లూ కొత్తవి ఎందుకయ్యాయో వాళ్ళనే చెప్పనీ.

కాగితాల దగ్గర తొందర వద్దు. ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 మీద బ్యాంకు సంతకం, ఎన్ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు. పేరు మార్పిడికి కావలసిన 29, 30 ఫారాల మీద సంతకాలు నీ కళ్ళముందు. చలాన్లు వాళ్ళే కట్టాలి. నంబరు ఏపీ అని ఉంటే కంగారు పడకు, 2014 జూన్ దాకా మన దగ్గర అన్నీ అవే. ఆ తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. కానీ ఎవరైనా "2012 మోడల్ మారుతి 800, మొదట్నుంచీ సిటీ బండే" అంటే నవ్వి వచ్చేయ్. బీఎస్-4 వల్ల 2010 ఏప్రిల్ నుంచే హైదరాబాద్‌లో 800 అమ్మకం ఆగిపోయింది.

మామయ్య జెన్ చూపిస్తానని నిన్ను తీసుకెళ్తే వెళ్ళు, ఒక రౌండ్ నడిపి చూడు కూడా, స్టీరింగ్ హాయిగా ఉంటుంది. 15 ఏళ్ళు దాటింది కాబట్టి ఆర్‌సీ ఎప్పటిదాకా రెన్యువల్ అయిందో మాత్రం అడుగు. శనివారం బ్రెజా చూడ్డానికి ఏడింటికల్లా అక్కడుండు. ఇంజన్ వెచ్చగా ఉంటే ఏమీ అనకుండా టీ తాగి వచ్చేయ్.

నాన్న