చిన్న చేప గొడవ: సోమయ్యకు ఉత్తరం

ఒరే సోమయ్యా,

నువ్వు పంపిన డబ్బు మీ అమ్మకు అందింది. అత్త బాగానే ఉంది గానీ మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. అయినా తట్ట ఎత్తుకుని బరంపురం బస్సెక్కడం మానదు. నేను చెబితే వినడం లేదు, నువ్వే ఒకసారి ఫోన్లో గట్టిగా చెప్పు. ఇంకో విషయం తీరిగ్గా రాయాలి, ఫోన్లో తేలేది కాదు.

చిన్న చేపలు పట్టొద్దనే రూలు మీద ఇక్కడ ఒడిశాలో మన ఊరు రెండు పక్షాలైపోయింది రా. 2025 నవంబర్‌లో కేంద్రం 12 నాటికల్ మైళ్ళ అవతలి సముద్రానికి కొత్త రూల్స్ తెచ్చింది కదా. ఎల్ఈడీ లైట్లతో వేట వద్దన్నారు, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం వద్దన్నారు. దాంతోపాటు ఏ రకం చేపను ఎంత పొడవు లోపు పట్టకూడదో కూడా నిర్ణయిస్తామన్నారు. ఒడ్డు వైపు నీళ్ళు రాష్ట్రం చేతిలో ఉంటాయి కాబట్టి ఇవాళ అక్కడ పెట్టింది రేపు ఇక్కడ పెట్టరా అని మనవాళ్ళ టెన్షన్. అప్పటినుంచి గంగమ్మ గుడి దగ్గర ఎప్పుడు నలుగురు చేరినా ఇదే మాట.

మొన్న పెద్దలు మీటింగ్ పెడితే ఆడవాళ్ళు కూడా వచ్చారు. మన తాతల వయసువాళ్ళు అడిగిన ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. వల లాగితే ఇరవై రకాలు కలిసి వస్తాయి. కవళ్ళు, కానాగంతలు, గులివిందలు, వాటి మధ్యలో రెండు చందువాలు. ఒడ్డుకొచ్చేసరికి సగం చచ్చే ఉంటాయి. అప్పుడు పొట్టిదాన్ని ఏరి మళ్ళీ నీళ్ళలో పారేస్తే దాని ప్రాణం వస్తుందా? న్యాయమైన మాటే అది. అందుకే నేను లేచి, కొలత చేప మీద కాదు, ముందు వల కన్ను మీద పెట్టాలని చెప్పాను. కన్ను పెద్దదైతే చిన్నది నీళ్ళలోనే జారిపోతుంది, ఒడ్డున ఏరే పని చాలావరకు ఉండదు. ఆ కన్ను కూడా మనలాంటి చిన్న వలలకంటే ముందు ట్రాలర్లనే పెద్ద మరబోట్ల వల చివర చేపలు చేరే సంచికి చూడాలి, పిల్ల చేప ఎక్కువగా చిక్కేది అందులోనే.

ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళు మరీ మండిపడ్డారు. చిన్నవి వద్దంటే మేం ఏం ఎండబెట్టాలి అని. వాళ్ళకు ఎవరూ సరిగా వివరించలేదు. నెత్తళ్ళు పుట్టుకతోనే పొట్టివి. వేలంత నెత్తలి పెద్ద చేపే, వేలంత వంజరం మాత్రం పిల్ల. ఈ రూలు ఉన్నచోట ఒక్కో రకానికి ఒక్కో కొలత. నువ్వు పనిచేసే కేరళలో కవళ్ళకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14 అని పెట్టారు కదా. ఇది చెప్పాక కాస్త చల్లబడ్డారు గానీ పూర్తిగా నమ్మలేదు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. ఇలాంటివి ఒడియాలోనో ఇంగ్లీషులోనో కాగితం మీద వస్తాయి, ఆఖరికి మనకు చేరేది పుకారే. తెలుగులో చదివి చెప్పే మనిషిని పంపమని అర్జీ రాస్తున్నాం.

నేను ఈ రూలు రావాలనే అంటున్నాను సోమయ్యా, అందరి ముందూ అన్నాను. కేరళలో కవళ్ళు 2012లో నాలుగు లక్షల టన్నుల దాకా దొరికితే, 2021కి మూడు వేల చిల్లర టన్నులకు పడిపోయాయి. సముద్రం వేడెక్కడం కూడా ఒక కారణమే, కాదనను. కానీ గుడ్డు పెట్టకముందే పిల్లను పట్టి, చేపల్ని పొడి కొట్టే దాణా మిల్లుకు కిలోల లెక్కన తోలితే ఏ సముద్రం మాత్రం తట్టుకుంటుంది? విత్తనాల గింజలు దంచుకు తిన్నట్టే. మన పిల్లలు ఈ పనే చేస్తారో చేయరో తెలియదు, చేస్తామంటే మాత్రం చేపలు ఉండాలి కదా.

కుర్రాళ్ళ కోపం వేరే, నాకు అదీ అర్థమవుతుంది. 5 కిలోమీటర్ల లోపల మరబోట్లు రాకూడదని ఒడిశాలో 1980ల నుంచి చట్టం ఉంది. అయినా రాత్రిళ్ళు ట్రాలర్ల లైట్లు ఒడ్డు నుంచే కనబడతాయి. అవి దూసుకుపోతే మన వలలు తెగిపోతాయి, వాటి ఖరీదు ఎవడిస్తాడు? పైగా తాబేళ్ళ కోసం ఋషికుల్య నది మొగ చుట్టూ నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల వరకు నిషేధం. దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా నిషేధం. రెండూ కలిపితే ఏడాదిలో పెద్ద మోటారు తెప్పకు మిగిలేది ఎన్ని నెలలు? తాబేళ్ళు బతకాలి, ఆ మాట మన ఊళ్ళో ఎవరూ కాదనరు. ట్రాలర్ల వలకు తాబేలు తప్పించుకునే చట్రం సరిగా పెట్టలేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. పెద్ద బోటు చేసిన దానికి రేటు పడిపోయింది అందరికీ. కుర్రాళ్ళు అడిగేది అదే, ఉన్న చట్టం పెద్దవాడి మీద నడవనప్పుడు కొత్తది ఎవరి మీద నడుస్తుంది?

ఆంధ్రాలో దొంకూరు వైపు మన చుట్టాలను చూడు. సముద్రం అదే, ఏప్రిల్ నిషేధం తేదీలూ అవే. ఆంధ్రాలో 2025 నుంచి ఆ రోజులకు కుటుంబానికి 20 వేలు ఇస్తున్నారు, అంతకుముందు పది. వేట ఆపమన్నప్పుడు పొయ్యి మీదకు ఏం ఎక్కుతుందో కూడా చెప్పాలి. అర్జీలో ఇదీ రాయమన్నాను.

ఇంకొందరు మొత్తం బరువు మీదే హద్దు పెట్టాలంటారు, బోటుకు ఇన్ని టన్నులని. మన దగ్గర అది జరిగే పని కాదు. ఇసుక మీద ఎక్కడబడితే అక్కడ తెప్ప దిగుతుంది, తట్టల లెక్కన బేరం తెగిపోతుంది. తూకం వేసే నాథుడు ఎవడు?

నీకు ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం ఉంది. నువ్వు మునంబం రేవులో రోజూ చూస్తున్నావు. హార్బర్లో చేపను కొలిచేది ఎవరు? బోటు మీదే కొలుస్తారా, వేలంపాట దగ్గరా? కలిసిపోయిన సరుకులో పిల్ల చేపలు ఉంటే ఎంతవరకు వదిలేస్తారు? జరిమానా ఓనరుకా, మీ కూలీల జీతంలో కోస్తారా? కొన్న సావుకారిని, దాణా మిల్లువాణ్ణి పట్టుకుంటారా లేదా? ఇది ముఖ్యం. కొనేవాడిని వదిలేసి పట్టేవాడిని మాత్రమే పట్టుకుంటే నేను కూడా కుర్రాళ్ళ వైపే నిలబడతాను.

చూసింది చూసినట్టు రాయి, బాగాలేనిదీ రాయి. మళ్ళీ మీటింగ్ సంక్రాంతి వెళ్ళాక ఉంది, నీ ఉత్తరం అందరి ముందూ చదువుతాను. కుదిరితే అక్కడ చేపను కొలిచే స్కేలు ఫోటో ఒకటి తీసి పంపు. మీ ఓనరు ఈసారైనా బాకీ జీతం ఇచ్చాడా? అది కూడా రాయి.

నీ
అప్పన్న