వెదురు బద్దతో ఎన్నాళ్లు, మంత్రిగారూ?

గౌరవనీయులైన ఇథియోపియా వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మీ దక్షిణ ప్రాంతంలో కొన్నేళ్లు పాఠాలు చెప్పిన తెలుగు అధ్యాపకుణ్ణి. ఉత్తరం రాసేంత అమ్హారిక్ నాకు అబ్బలేదు కనుక తెలుగులోనే రాస్తున్నాను.

కోనసీమలో పుట్టినవాణ్ణి కదా, దిల్లా పట్టణం దాటి గెదెయో కొండలెక్కగానే పెరటి పెరటికీ అరటి చెట్లే అనుకున్నాను. గెలలేవని అడిగితే ఇంటివాళ్లు పడీపడీ నవ్వారు. అది అరటిని పోలిన ఎన్సెట్ మొక్క. దాని పండు తినరు. బోదె, దుంప తింటారు. ఎదగడానికి ఏళ్లు పడుతుంది గానీ కోతకు కచ్చితమైన కారు లేదు, అవసరమైనప్పుడే నరుక్కోవచ్చు. మీ దేశంలో సుమారు 2 కోట్ల మందికి ఇదే ఆధారం.

నా విన్నపం దాన్ని గీకే పని గురించి. ఇల్లాలు నేల మీద కూర్చుని, ఏటవాలు చెక్కకు బోదె డొప్పను కాలితో అదిమిపట్టి, వెదురు బద్దతో గీకుతుంది. పీచు ఒకవైపు, గుజ్జు మరోవైపు. గుజ్జును ఎన్సెట్ ఆకులు పరిచిన గోతిలో కప్పి, పైన రాళ్లు పేర్చి నెలల తరబడి పులియబెడతారు. దానితో కాల్చే రొట్టే కొచ్చో. మొదటిరోజు ఆ వాసనకు నా ముక్కు ఒప్పుకోలేదు. నెల తిరక్కుండానే గోమెన్ ఆకుకూరతో రెండో ముక్క అడిగాను. నాటేది మగవాళ్లు, గీకేది మాత్రం ఆడవాళ్లే. పొద్దున కూర్చున్న ఇల్లాలు సాయంత్రం నడుం పట్టుకునే లేస్తుంది.

గోధుమ మీద మీ ప్రభుత్వం చూపిన శ్రద్ధను తప్పుపట్టను. కానీ ట్రాక్టరు ఎక్కలేని ఈ కొండవాలు పెరళ్ల మాటేమిటి? గెదెయో కొండలను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషం. ఆ ఏడాది కూడా అక్కడి ఆడవాళ్లు గీకింది వెదురు బద్దతోనే.

కరెంటు అక్కర్లేని, ఇద్దరు మోసుకుపోగల గీకుడు యంత్రాన్ని ఊరికొకటి ఇప్పించండి. ఎంపికకు ముందు ఆ ఆడవాళ్లనే కూర్చోబెట్టి వాడి చూడమనండి. ఒక్క జాగ్రత్త. ఎన్సెట్‌కు సోకే, 1960లలోనే గుర్తించిన బాక్టీరియా ఎండుతెగులుకు ఇప్పటికీ మందు లేదు. నరికిన కత్తితో కూడా తోట నుంచి తోటకు పాకుతుంది. ఊరంతా తిరిగే యంత్రమూ అదే పని చేయగలదు. తెగులు సోకిన మొక్కను దాని మీదికి ఎక్కించకూడదని, పెరడు మారేముందు శుభ్రం చేయాలని మొదటిరోజే నేర్పించండి.

యంత్రం వస్తే గొయ్యి పక్కకే రావాలి. ఏ కార్యాలయం వరండాలోనో టార్పాలిన్ కప్పుకుని కూర్చోకుండా చూడండి. అలాంటివి మా జిల్లాలో చాలా చూశాను.

ఇట్లు,
మీ కొండల్లో కొచ్చో తిన్న ఒక తెలుగు అధ్యాపకుడు