పడవతో పాటు అడుగు పలకలూ ఇవ్వాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

పాకాల చెరువు దిక్కు ఒక ఊరి మత్స్య సహకార సంఘంలో నేను సభ్యుడిని. మా తాతలు పుట్టి మీద, మేము థర్మాకోల్ తెప్ప మీద వలలు వేసినవాళ్లం. మూడేళ్ల కిందట సంఘం డబ్బుకు కొంత అప్పు కలిపి 12 అడుగుల అల్యూమినియం పడవలు రెండు కొన్నాం. ఇద్దరు మనుషులు కట్ట దాటించి మోసుకుపోగలిగేంత తేలిక, చెద పట్టదు, ఏటా తారు పూయాల్సిన పని లేదు. కనుక పడవల మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే అవి మాకు వట్టి రేకు డొప్పల్లాగే వచ్చాయి: అడుగున రేకు, రేకు వంగకుండా దాని మీద అడ్డంగా బిగించిన పట్టీలు, కూర్చోవడానికి మూడు అడ్డబల్లలు, అంతే. నిలబడడానికి అడుగు పలకల మాట కొటేషన్‌లో లేదు, అడగాలని మాకూ తోచలేదు. ఆ లోటును సొంతంగా పూడ్చుకోబోయి మేము చేసిన తప్పులు, చివరికి కుదిరిన పద్ధతి తోటి సంఘాలకూ, పడవల కొనుగోలు చూసే అధికారులకూ మీ పత్రిక ద్వారా తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

అడుగు పలకలు సోకు కోసమని అనుకునేవారు ఒక్క పూట పడవలో నిలబడి వల లాగి చూడాలి. చేప జిగురు పడిన రేకు మీద కాలు నిలవదు, జారిన కాలు పోయి పట్టీకి తగులుతుంది. వల ముళ్లూ సీసం గుండ్లూ ఆ పట్టీల సందుల్లోనే చిక్కుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి రేకు పెనం మాదిరి కాలుతుంది. తెడ్డు జారి రేకు మీద పడితే ఆ మోత నీళ్లలోకి పోతుంది. గాలిలో కంటే నీటిలో చప్పుడు నాలుగు రెట్లకు మించిన వేగంతో సాగుతుంది కాబట్టి నాచు పక్కన పొంచి ఉన్న కొర్రమీను మనం వల విప్పక ముందే జాగ్రత్త పడుతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, బరువంతా ఒకే చోట రేకు మీద మోపి రోజూ తొక్కితే రివెట్లు వదులవుతాయి. మా మొదటి పడవ కారడం అలాగే మొదలైంది.

మొదటి తప్పు ప్లైవుడ్‌తో చేశాం. గట్టిగా ఉండాలని 18 మిల్లీమీటర్ల మామూలు కమర్షియల్ ప్లైవుడ్ తెచ్చి, పడవ లోపలి వెడల్పుకు సరిగ్గా కోసి, కదలకుండా ఇనుప మేకులతో బిగించాం. ఎనిమిదడుగులు నాలుగడుగుల షీటు ఆ మందంలో 30 కిలోలు దాటుతుంది, తడిస్తే ఇంకా పెరుగుతుంది. తేలిక అని కొన్న పడవకు మేమే బరువు కట్టామన్న మాట. పలక కింద చేరిన నీరు తోడడానికి చేయి దూరే సందు కూడా మిగల్చలేదు. ఒక వానాకాలం గడిచేసరికి పొరలు విడిపోయి, మేకులు తుప్పు పట్టి, పలకను గడ్డపారతో పెకిలించాల్సి వచ్చింది. దుకాణంలో అడిగేటప్పుడు రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలునని తర్వాత ఒక వడ్రంగి చెప్పాడు: ఐఎస్ (భారత ప్రమాణం) 303 ముద్ర ఉన్నది ఇంటి సామానుకు వాడే సాధారణ రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నది నీటికి తట్టుకొనే మెరైన్ రకం. మెరైన్ రకం ధర ఎక్కువే, కానీ 12 మిల్లీమీటర్ల షీటు ఒక్కటి ఒక పడవకు సరిపోతుంది, బరువు 20 కిలోలకు కొంచెం పైన ఉంటుంది.

రెండో తప్పు నాది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. ప్లైవుడ్ మీద విసుగుపుట్టి వెదురు బద్దలతో తడిక అల్లించి రెండో పడవలో పరిచాను. వెదురు మనకు దొరికేది, చౌక, తేలిక, నీరు కిందికి దిగిపోతుంది, ఆలోచన మంచిదే. పురుగు పట్టకూడదని ఆ బద్దలను మైలతుత్తం నీళ్లలో నానబెట్టడంతోనే చెడింది. మైలతుత్తంలో ఉన్నది రాగి. అల్యూమినియం తన మీద ఏర్పడే పలుచని పొరతో తనను కాపాడుకుంటుంది, కానీ తడిలో రాగి వచ్చి చేరిన చోట ఆ పొర నిలవదు, లోహం చుక్కలు చుక్కలుగా తినుకుపోతుంది. ఏడాది తర్వాత తడిక ఎత్తి చూస్తే రేకు మీద మశూచి మచ్చల మాదిరి గుంటలు కనిపించాయి. పురుగు పట్టకుండా రాగి మందు ఎక్కించిన, ఆకుపచ్చ ఛాయ ఉన్న కలపతోనూ ఇదే ప్రమాదం. వెదురుకు మా పెద్దలు చేసిన పనే మేలు: కోసిన బొంగులను మూడు నాలుగు వారాలు చెరువు నీటిలో ముంచి ఉంచితే పురుగు ఆశించే పిండి పదార్థం చాలావరకు కరిగిపోతుంది, ఆ తర్వాత నీడన ఆరబెట్టి వార్నిష్ వేయవచ్చు.

ఇప్పుడు మేము చేస్తున్న పద్ధతికి పెద్ద పనితనం అక్కరలేదు. అల్యూమినియం కిటికీలు చేసే షాపుల్లో మిగిలిన ఎల్ ఆకారపు పట్టీల ముక్కలు తూకానికి దొరుకుతాయి. వాటిని 12 అంగుళాల కంటే కొంచెం ఎక్కువ ఎడంతో, పడవ పట్టీలకూ అడ్డబల్లల కాళ్లకూ మాత్రమే అల్యూమినియం రివెట్లతో బిగిస్తాం. అడుగు రేకుకు ఒక్క రంధ్రం కూడా వేయం. ఆ ఎల్ పట్టీల అంచులకు పొలాల్లో పారేసిన పాత డ్రిప్ పైపును నిలువునా చీల్చి తొడుగుతాం. చెక్క లోహానికి నేరుగా తగలదు, చప్పుడు రాదు, పైసా ఖర్చు లేదు. మెరైన్ ప్లైవుడ్ పలకను ఒక్కటిగా కాక మూడు ముక్కలుగా కోసి, చుట్టూ వేలెడు సందు వదిలి, పైన ఊరికే పరుస్తాం. ఒక్కో ముక్కకు రెండు తిప్పుడు బిళ్లలు (తిప్పితే పలకను పట్టి ఉంచే చిన్న గడియలు) ఉంటే ఎగిరిపోదు, కావలసినప్పుడు ఎత్తి నీళ్లు తోడవచ్చు. బిళ్లలకు తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, నైలాన్ వాషర్లు వాడాలి. ప్లైవుడ్ మొదట నీళ్లు తాగేది కోసిన అంచుల నుంచే, అందుకని పలక ముఖానికి రెండు పూతలు వేస్తే అంచులకు నాలుగు వేయాలి. చివరి పూత తడిగా ఉన్నప్పుడే జల్లించిన ఇసుక చల్లితే కాలు జారదు. కొందరు అందం కోసం కార్పెట్ అంటిస్తున్నారు. అది చెమ్మను పట్టి ఉంచుతుంది, దానికి పట్టిన చేప వాసన ఎంత కడిగినా పోదు.

విసురు వల వేసేవారు పడవ ముందు కొనన అరుగు కావాలంటారు. వేసుకోవచ్చు, కానీ దాని ఎత్తు అడ్డబల్లను దాటకూడదు, ఒక్క మనిషే ఎక్కాలి. మనిషి నిలబడే చోటు జానెడు పెరిగితే పడవ ఒరిగే తీరే మారిపోతుంది. అరుగుకు చోటు కోసం అడ్డబల్లను కోసేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే పడవ పక్కలు విచ్చుకోకుండా పట్టి ఉంచేది ఆ బల్లే. చాలా పడవల్లో బల్ల కింద నురుగు దిమ్మ ఉంటుంది. నీళ్లు నిండినా పడవ మునిగిపోకుండా తేల్చేది అదే, దాన్ని తీసి ఆ ఖాళీలో చేపలు వేసేవాళ్లను నేను చూశాను. దాని బదులు థర్మాకోల్ కుక్కేవారు ఇంజిన్ ఉన్న పడవలో ఆ పని చేయవద్దు, పెట్రోలు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కిందనైనా, రాష్ట్ర పథకాల కిందనైనా పడవలకు సాయం చేసేటప్పుడు కొనుగోలు నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చాలని మత్స్యశాఖను కోరుతున్నాను: ఎత్తి పెట్టుకోగల అడుగు పలకలు, అవి ఆనే పట్టీలు పడవతోనే రావాలి. తయారీ షెడ్డులో ఆ పట్టీలు బిగించడం గంటల పని, చెరువు కట్ట మీద మాకు రోజుల పని. ఇప్పటికే పడవలున్న సంఘాలకు జిల్లా ఐటీఐలలోని ఫిట్టర్, వెల్డర్ విభాగాల వారితో ఒక రోజు శిక్షణ ఇప్పిస్తే చాలు. మృగశిర కార్తె అమ్మకాలు అయ్యాక, చెరువులు నిండి చేపపిల్లలను వదిలేదాకా మా పడవలు కట్ట మీద బోర్లించే ఉంటాయి. ఆ రోజుల్లో శిక్షణ పెడితే బాగు చేసుకున్న పడవనూ, గుంటలు పడిన పడవనూ రెండింటినీ ట్రాలీ మీద తెచ్చి చూపించడానికి మా సంఘం సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక మత్స్యకారుడు,
పాకాల ప్రాంతం, వరంగల్ జిల్లా